వింత మొక్కలు: శామీర్‌పేట చెరువు నుంచి సుమత్రా అడవి దాకా

సికింద్రాబాదు నుంచి కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద, హైదరాబాదుకు ఉత్తరపు అంచున శామీర్‌పేట ఉంది. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని ఈ మండలంలో ఒక పెద్ద చెరువు, జవహర్ జింకల పార్కు, ఎర్రటి చెల్క నేలలు, వాటి మధ్య లేచిన గ్రానైటు గుట్టలు ఉన్నాయి. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఈ ప్రాంతంలో ఏడాదికి 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు నెలల మధ్యే కురుస్తుంది. మిగతా కాలమంతా మొక్క తన తంటాలు తాను పడాలి.

ప్రపంచంలో మనకు తెలిసిన పూల మొక్కలు మూడు లక్షలకు పైనే. వాటిలో చాలావరకు ఒకే పద్ధతిలో బతుకుతాయి: వేరుతో నీరూ లవణాలూ తీసుకోవడం, ఆకుతో ఎండను పట్టి ఆహారం చేసుకోవడం, గాలి సాయంతోనో తేనెటీగ సాయంతోనో గింజ కట్టడం. ఈ మూడింటిలో ఏదో ఒకటి కుదరని చోట మొక్క వేరే దారి వెతుక్కుంటుంది. అలా దారి మార్చుకున్న వాటినే ఈ వ్యాసంలో వింత మొక్కలు అంటున్నాం. పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు చెప్పగానే రఫ్లీషియా, కూజా మొక్క, వెల్విట్షియా వంటి దూరదేశపు పేర్లే వస్తాయి. వాటి దగ్గరి చుట్టాలు, అవి వాడే ఉపాయాలనే వాడే మొక్కలు మాత్రం మన చెరువుల్లో, బండల మీద, జొన్న చేలల్లో ఉన్నాయి.

చెరువు నీటిలో

పూలు పూసే మొక్కల్లో అన్నిటికన్నా చిన్నది వోల్ఫియా. నిలకడ నీటి మీద పచ్చటి రవ్వ పరుచుకున్నట్టు కనిపిస్తుంది. ఒక్కో రవ్వా ఒక పూర్తి మొక్కే. దాని నిడివి ఒక మిల్లీమీటరు లోపే. వేరు లేదు, కాండం లేదు, ఆకు అని విడిగా చెప్పదగినదీ లేదు. పైభాగంలో చిన్న గుంట, ఆ గుంటలో ఒక కేసరం, ఒక అండకోశం. దాని పువ్వంతా అంతే. పూత అరుదు కాబట్టి ఎక్కువగా మొగ్గ తొడిగి పిల్ల మొక్కలు వేసి పెరుగుతుంది. భారత ఉపఖండానికి చెందిన వోల్ఫియా మైక్రోస్కోపికా అనే జాతి అనుకూలమైన చోట సుమారు 30 గంటల్లో రెట్టింపవుతుందని లెక్కగట్టారు. పూల మొక్కల్లో ఇంత వేగం మరి దేనికీ లేదు. థాయిలాండులో వోల్ఫియాను కూరగా వండుకుంటారు.

నీటి మొక్కల్లో దీనికి రెండో కొస అమెజాన్ ప్రాంతపు విక్టోరియా కలువ. దీని ఆకు రెండున్నర మీటర్లు దాటుతుంది. 2022లో లండను క్యూ ఉద్యానవనం శాస్త్రవేత్తలు కొత్త జాతిగా గుర్తించిన విక్టోరియా బొలీవియానా ఆకు మూడు మీటర్లకు పైగా పెరుగుతుంది. విక్టోరియా పువ్వు మొదటి రాత్రి తెల్లగా, వాసనతో విచ్చుకుని పేడపురుగుల జాతి కీటకాలను లోపలికి పిలిచి, తెల్లవారేసరికి మూసుకుంటుంది. రెండో సాయంత్రం గులాబీ రంగుకు మారి, పుప్పొడి పూసుకున్న కీటకాలను వదిలేస్తుంది.

మన తామరకూ ఇటువంటి ఏర్పాటే ఉంది. ఎప్పుడూ చూసే పువ్వు కావడం వల్ల దాని వింత మన కంటికి ఆనదు. తామర పువ్వు తన వేడిని తానే పుట్టించుకుంటుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ ఉద్యానవనంలో చేసి 1996లో ప్రచురించిన పరిశీలనలో, బయటి గాలి 10 డిగ్రీలకు పడిపోయినా పువ్వు లోపలి వేడి 30, 36 డిగ్రీల మధ్యే నిలిచింది. చల్లబడే కొద్దీ పువ్వు ఎక్కువ ఆహారాన్ని ఖర్చు చేసి వేడిని నిలుపుకుంటుంది. పక్షులూ పాలిచ్చే జంతువులూ చేసే పని ఇది. రాత్రి పువ్వులో తలదాచుకునే కీటకాలకు ఆ వెచ్చదనం ఆసరా అని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. తామర గింజ ఆయువు కూడా చెప్పుకోదగ్గదే. ఈశాన్య చైనాలో ఎండిపోయిన ఒక సరస్సు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ల నాటి గింజ మొలకెత్తిన సంగతి 1995లో వెలువడింది.

హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల్లో నాచు అని తీసిపారేసే మొక్కల్లో వాలిస్నేరియా ఒకటి. పొడుగాటి పట్టీల్లాంటి ఆకులతో నీటి అడుగునే పెరుగుతుంది. అడుగున ఉండి గింజ కట్టడం ఎలా? దీని ఆడ పువ్వు సన్నటి పొడుగు కాడ మీద నీటిమట్టం దాకా వస్తుంది. మగ పూలు కంటికి సరిగా ఆనవు. అవి మొక్క మొదట్లోనే తెగి, బుడగలతో పాటు పైకి తేలి, నీటి మీద విచ్చుకుని గాలికి కొట్టుకుపోతాయి. ఆడ పువ్వు బరువుకు నీటి ఉపరితలం కాస్త కుంగుతుంది. ఆ పల్లంలోకి మగ పూలు జారి పుప్పొడి అంటిస్తాయి. ఆ తర్వాత కాడ చుట్టలు చుట్టుకుని కాయను మళ్లీ నీటి అడుక్కి లాగేస్తుంది. పరాగసంపర్కంలో ఇంత తేటగా సాగే పని మరొకటి దొరకడం కష్టం.

అదే నీటిలో వేటాడే మొక్క కూడా ఉంది. యుట్రిక్యులేరియాకు వేర్లు ఉండవు. నీటిలో తేలే దారాల్లాంటి కొమ్మలకు చిన్న చిన్న తిత్తులు వేలాడుతుంటాయి. తిత్తి తనలోని నీటిని బయటికి తోడేసి గోడలు లోపలికి కుంగేలా చేసుకుని ఉంటుంది. తలుపు దగ్గరి వెంట్రుకను నీటిపురుగు తాకగానే తలుపు లోపలికి తెరుచుకుని, నీటితో పాటు పురుగునూ లాగేసి మూసుకుంటుంది. పురుగును లాగేసే ఈ పని మిల్లీసెకను లోపే ముగుస్తుందని ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు 2011లో వేగపు కెమెరాలతో చూపించారు. మొక్కల కదలికల్లో అత్యంత వేగమైన వాటిలో ఇదొకటి. మురుగునీరు చేరి లవణాలు పెరిగిన చెరువులో గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. దాని నీడ కింద యుట్రిక్యులేరియా, వాలిస్నేరియా వంటివి నిలవలేవు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. పువ్వు అందానికి తెచ్చి పెంచితే దేశమంతా పాకింది.

తడి బండల మీద

వానాకాలం చివర్లో పరుపుబండల అంచున, నీరు సన్నగా ఊరే ఇసుక నేలల్లో డ్రోసిరా మొక్కలు మొలుస్తాయి. తెలుగు నేలలో రెండు జాతులు ప్రధానం. డ్రోసిరా బర్మానీ నేలకు అంటుకుని రూపాయి బిళ్లంత చక్రంగా ఎర్రగా పరుచుకుంటుంది. డ్రోసిరా ఇండికా నిటారుగా లేచి సన్నటి పొడుగు ఆకులు చాస్తుంది. రెండింటి ఆకుల మీదా జిగురు బొట్లు మోసే వెంట్రుకలు ఉంటాయి. మంచు బొట్టని వాలిన దోమ అక్కడే చిక్కుతుంది. బర్మానీ ఆకు అంచు వెంట్రుకలు కొన్ని సెకన్లలోనే లోపలికి వంగి పురుగును ఆకు నడిమికి నొక్కుతాయి. ఆపైన జీర్ణరసాలు ఊరి పురుగు కరుగుతుంది.

మొక్కకు పురుగుతో పనేమిటి? ఆహారం కోసం కాదు, అది ఎండలో తానే చేసుకోగలదు. కావలసింది నత్రజని. గ్రానైటు మీది పలచటి ఇసుకలో, నిత్యం కడిగిపోయే తడిలో నత్రజని దాదాపు ఉండదు. అందుకని పురుగు ఒంట్లోంచి తీసుకుంటుంది. ఛార్లెస్ డార్విన్ డ్రోసిరా మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1875లో కీటకాహార మొక్కల మీద ఒక పుస్తకమే రాశాడు. మాంసం, పాలు, గుడ్డు తెల్లసొన పెడితే ఆకు వంగుతుందనీ, నత్రజని లేని పదార్థాలను పట్టించుకోదనీ చూపించాడు.

ఇదే అవసరం మేఘాలయ కొండల్లో కూజా మొక్కను తయారు చేసింది. నెపెంథిస్ ఖాసియానా మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక కూజా మొక్క జాతి. అమెరికాలోని కరోలినా రాష్ట్రాల తడి నేలల్లో ఉండే వీనస్ ఫ్లైట్రాప్ మరో అడుగు ముందుకు వేసింది. ఆకు లోపలి వెంట్రుకను ఒకసారి తాకితే ఊరుకుంటుంది. సుమారు 20 సెకన్ల లోపు రెండోసారి తాకితేనే మూసుకుంటుంది. వాన చినుకు పడిందో, పురుగు నడిచిందో తేల్చుకునే పద్ధతి అది.

పక్క మొక్క మీద పడి బతికేవి

మామిడి తోటల్లో, వేప చెట్ల మీద పెరిగే బదనిక పల్లెల్లో అందరికీ తెలుసు. తన ఆకులతో ఆహారం చేసుకుంటుంది, నీళ్లూ లవణాలూ మాత్రం చెట్టు నుంచి లాగుతుంది. దాని పండు తిన్న చిన్న పిట్టలు జిగురు గింజను కొమ్మకు రుద్ది పోతాయి, అక్కడే కొత్త బదనిక మొలుస్తుంది. బంగారు తీగ అంతకన్నా తెగించిన మొక్క. ఆకు లేదు, పచ్చదనం లేదు, మొలిచిన కొద్ది రోజుల్లో ఆసరా దొరక్కపోతే చస్తుంది. ఆ ఆసరాను వాసన పట్టి వెతుక్కుంటుందని 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు టమాట మొక్కల సాయంతో నిరూపించారు. తీగ దొరికిన కాండాన్ని చుట్టుకోగానే పీల్చే అంగాలు దించి, నేలలోని తన వేరును వదులుకుంటుంది.

రైతుకు ఎక్కువ నష్టం చేసేది మాత్రం నేల లోపల నుంచి వచ్చే జొన్న మల్లె, అంటే స్ట్రైగా. దీని గింజ ధూళి రేణువంత. ఒక్క మొక్క వేల సంఖ్యలో గింజలు రాలుస్తుంది. అవి పదేళ్లకు పైగా మట్టిలో పడి ఉండగలవు. వాన పడినా మొలవవు. జొన్న వేరు దగ్గరికి వచ్చి, ఆ వేరు విడిచే ఒక రసాయనం తాకితేనే మొలుస్తాయి. అటువంటి రసాయనాన్ని 1966లో పత్తి వేర్ల నుంచి వేరు చేశారు. ఆ కోవకు చెందినవన్నీ స్ట్రిగోలాక్టోన్లు. జొన్న తన శత్రువును తానే ఎందుకు పిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు 2005లో దొరికింది: భాస్వరాన్ని అందించే మేలు శిలీంధ్రాలను వేరు పిలిచే పిలుపు అదే. ఆ పిలుపును జొన్న మల్లె చాటుగా వింటోంది. కొమ్మలు ఎన్ని వేయాలో నిర్ణయించే హార్మోను కూడా అదేనని 2008లో తేలింది. పొగాకు చేలల్లో కనిపించే పొగాకు మల్లెదీ ఇదే దారి.

శ్రీగంధం కూడా ఈ వరుసలోదే. ఎంత పెద్ద చెట్టయినా దాని వేర్లు పక్క మొక్కల వేర్లకు అతుక్కుని పోషకాలు తీసుకుంటాయి. అందుకే శ్రీగంధం పెట్టే రైతులు మొదట కందిని, తర్వాత సరుగుడు వంటి చెట్లను తోడుగా నాటుతారు. తోడు లేకుండా ఒంటరిగా నాటిన మొక్క గిడసబారుతుంది.

ఈ జీవనానికి చివరి మెట్టు రఫ్లీషియా. అది సుమత్రా, బోర్నియో అడవుల్లో ఒక జాతి అడవి ద్రాక్ష తీగల లోపల సన్నటి పోగులుగా ఉంటుంది. కాండం, ఆకు, వేరు ఏవీ లేవు. పూత సమయంలో మాత్రం తీగను చీల్చుకుని మీటరు వెడల్పు పువ్వు బయటికి వస్తుంది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద పువ్వు ఇదే. 1818లో సుమత్రాలో స్టాంఫర్డ్ రాఫిల్స్ బృందంలోని వైద్యుడు జోసెఫ్ ఆర్నాల్డ్ దీన్ని చూసి నమోదు చేశాడు, అదే ఏడాది జ్వరంతో మరణించాడు. రఫ్లీషియా ఆర్నాల్డీ అన్న పేరులో ఆ ఇద్దరూ ఉన్నారు.

కుళ్లు వాసనతో పిలిచే పూలు

రఫ్లీషియా కుళ్లిన మాంసం వాసన వేసి ఈగలను పిలుస్తుంది. ఆ ఉపాయం మన పెరటి కందకూ తెలుసు. దుంప కోసం పండించేవాళ్లు పూతకు ముందే తవ్వేస్తారు కాబట్టి కంద పువ్వును చూసినవాళ్లు తక్కువ. తొలకరికి ముందు, ఆకు లేని దశలో, నేల మీదే ఊదారంగు గంట విచ్చుకుంటుంది. నడుమ ఉబ్బిన కంకి వేడెక్కి దుర్వాసనను గాలిలోకి ఎగదోస్తుంది. తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరు పరిశోధన కేంద్రం ఎంపిక చేసిన గజేంద్ర రకం దురద తక్కువగా ఉండి దేశమంతా సాగులోకి వచ్చింది. ఆ దురదకు కారణం కణాల్లో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్జలేట్ స్ఫటికాలు.

కంద ప్రజాతికే చెందినది సుమత్రాలోని టైటాన్ ఆరమ్. 1878లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఒడోయార్డో బెక్కారి దాన్ని కనుగొన్నాడు. అడవి బయట మొదటిసారి 1889లో క్యూ ఉద్యానవనంలో పూసింది. దాని పూగుత్తి మూడు మీటర్ల ఎత్తు దాకా లేస్తుంది, దుంప వంద కిలోలు దాటుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన బలమంతా రెండు రోజుల పూతలో ఖర్చవుతుంది. కొమ్మలు లేని ఒక్క గుత్తిగా చూస్తే ఇదే అతి పెద్దది. కందను కూరగా తినే మనకు ఈ చుట్టరికం తెలియాలి.

దక్కను గుట్టల మీద రాతి పగుళ్లలో ఆకుల్లేకుండా నాలుగు పలకల కాడలతో పెరిగే కుందేటి కొమ్ములు కూడా ఈగల మీదే ఆధారపడతాయి. పశువుల కాపర్లు ఆ కాడలను పచ్చిగా నములుతారు. దాహం, ఆకలి అణుగుతాయంటారు.

మేడి, మర్రి

మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని వేమన చెప్పినది తెలుగువాళ్లందరికీ తెలుసు. వృక్షశాస్త్రం ఆ పురుగులకు గౌరవం ఇస్తుంది. మేడికాయ నిజానికి లోపలికి తిరిగిన పూలగుత్తి. వందల పూలు లోపలి గోడకు ఉంటాయి. ఒక చిన్న కందిరీగ జాతి ఆడ పురుగు కాయ కొన దగ్గరి ఇరుకు దారిలో రెక్కలు తెగిపోగా లోపలికి దూరి, తాను తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. పుట్టిన మగవాటికి రెక్కలుండవు. అవి ఆడవాటితో కలిసి, బయటికి సొరంగం తొలిచి చనిపోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ సొరంగంలోంచి మరో మేడి చెట్టుకు పోతాయి. ఆ పురుగు లేకపోతే మేడికి గింజ లేదు, మేడి లేకపోతే ఆ పురుగుకు ఇల్లు లేదు. మర్రి, రావి, జువ్వి ఒక్కోదానికీ తన తన కందిరీగ ఉంది.

మర్రికి మరో గుణం ఉంది. పిట్ట వేసిన గింజ తాటిచెట్టు మొవ్వలోనో, గోడ పగులులోనో మొలిచి, ఊడలు దించి, తనకు ఆసరా ఇచ్చిన చెట్టును కమ్మేస్తుంది. ఊడ నేల తాకితే కొత్త కాండమవుతుంది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి అలా మూడెకరాలకు పైగా పరుచుకుంది. వయసు సుమారు 700 ఏళ్లని చెబుతారు. చెదలు పట్టి కొమ్మ విరగడంతో 2017 చివర్లో సందర్శకులను ఆపారు. 2018లో అటవీ శాఖ సెలైన్ సీసాల ద్వారా మందును చుక్కలు చుక్కలుగా ఎక్కించి చికిత్స చేసింది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 4.7 ఎకరాల గొడుగుతో 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది.

నీళ్లు లేని చోట

శామీర్‌పేట గుట్టల మీద బొంతజెముడు, చేల గట్ల మీద నాగజెముడు పక్కపక్కనే చూడొచ్చు. రెండూ ముళ్లతో, కండగల పచ్చటి కాండంతో ఒకే ఇంటివనిపిస్తాయి. కాదు. గీరితే పాలు కారేది బొంతజెముడు, ఆముదం కుటుంబానిది, ఈ నేలదే. నాగజెముడు అమెరికా నుంచి వచ్చిన కాక్టస్, దానికి పాలు రావు. వేల మైళ్ల దూరంలో రెండు వేరు వేరు కుటుంబాలు ఒకే కరువుకు ఒకే జవాబు ఇచ్చాయి. కాక్టస్‌లు పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లదనంలో బొగ్గుపులుసు వాయువును తీసుకుని దాచుకుంటాయి. జెముళ్లలోనూ చాలావాటిది ఇదే పద్ధతి. అందుకే నీరు అంతగా ఆవిరై పోదు. నాగజెముడు ఒకప్పుడు దక్షిణ భారతమంతా పొలాలను మింగింది. 1926లో శ్రీలంక మీదుగా తెచ్చి వదిలిన ఒక పిండినల్లి జాతి పురుగు దాన్ని అదుపు చేసింది. కలుపును పురుగుతో నిగ్రహించడంలో మన దేశం సాధించిన పెద్ద విజయాల్లో ఇదొకటి.

నమీబ్ ఎడారిలోని వెల్విట్షియాకు జీవితమంతా రెండే ఆకులు. అవి మొదట్లో పెరుగుతూ కొసల్లో చీలికలవుతూ వెయ్యేళ్లకు పైగా బతుకుతాయి. 1859లో అంగోలాలో ఫ్రీడ్రిక్ వెల్విచ్ దాన్ని చూశాడు.

ఆఫ్రికా నుంచి వచ్చిన మరో దీర్ఘాయువు మనకు ఇంకా దగ్గరలో ఉంది. గోల్కొండ నయా ఖిలాలో హాతియాన్ కా ఝాడ్ అని పిలిచే బావోబాబ్ చెట్టు చుట్టుకొలత 27 మీటర్లు దాటుతుంది. వయసు 400 ఏళ్లకు పైనే అంటారు. లోపల గుహలా తొర్ర ఉంది. మెత్తటి మానులో నీటిని నిలవ చేసుకుని, ఎండాకాలం ఆకులు రాల్చి నిలుస్తుంది. రాత్రి పూసే దాని తెల్లటి పూలకు ఆఫ్రికాలో గబ్బిలాలు పరాగవాహకాలు.

తోడు దొరకని చెట్టు

తిరుపతి, కడప కొండల్లో మాత్రమే ఉండే పేరీత డైనోసార్ల కన్నా ముందే పుట్టిన సైకస్ వర్గానిది. శాస్త్రనామం సైకస్ బెడ్డోమి. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం మొదటి జాబితాలో ఉంది కాబట్టి దాని అంతర్జాతీయ వాణిజ్యం నిషిద్ధం. ఈ వర్గంలో మగ మొక్క, ఆడ మొక్క వేరు వేరు. రెండూ ఉంటేనే గింజ. ఆడది లేకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని ఎన్‌సెఫలార్టోస్ వుడీ చెబుతుంది. 1895లో జాన్ మెడ్లీ వుడ్ నటాల్‌లోని ఎన్‌గోయే అడవిలో ఒకే ఒక మగ గుబురును చూశాడు. ఆడ మొక్క ఇంతవరకు దొరకలేదు. 1916లో అడవిలో మిగిలిన చివరి కాండాన్నీ తీసుకుపోయారు. ఇప్పుడు ప్రపంచంలోని ఉద్యానవనాల్లో ఉన్న ఆ మొక్కలన్నీ దాని పిలకల నుంచి పెంచినవే, అన్నీ మగవే. పేరీత విషయంలో మనకు ఇంకా రెండూ ఉన్నాయి.

చూడాలనుకునేవారికి

శామీర్‌పేట చుట్టూ మొక్కల చదువుకు మంచి వసతులున్నాయి. మేడ్చల్ దారిలో దూలపల్లిలో కేంద్ర ప్రభుత్వపు అటవీ జీవవైవిధ్య సంస్థ, అక్కడే రాష్ట్ర అటవీ అకాడమీ ఉన్నాయి. రాజీవ్ రహదారి మీదే ఇంకాస్త ముందుకు పోతే సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, పరిశోధన సంస్థ, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి.

పురుగులను పట్టే వింత మొక్కలకు ఒక ఉమ్మడి లక్షణం ఉంది: అవి పేద నేలలో పుట్టాయి. సారవంతమైన మట్టిలో డ్రోసిరాను గడ్డి మింగేస్తుంది. మురుగు కలిసిన చెరువులో యుట్రిక్యులేరియా ఉండదు. మన లెక్కల్లో మాత్రం ఆ పేద నేలకు బంజరు అని పేరు పెట్టి, ముందుగా దాన్నే చదును చేస్తాం. పరుపుబండ పేలిస్తే దాని అంచున ఊరే చెమ్మ పోతుంది, చెమ్మతో పాటు మొక్కా పోతుంది. నగరం ఉత్తరానికి పెరుగుతున్న ఈ రోజుల్లో లేఅవుట్లు గీసేవారు అటువంటి బండల్లో కొన్నింటినైనా, వాటి మీదుగా నీరు పారే దారితో సహా, అలాగే ఉంచాలి.

డ్రోసిరాను చూడాలంటే ఆగస్టు నుంచి నవంబరు దాకా మంచి కాలం. ఎండ ఏటవాలుగా పడే పొద్దున వేళ, నీరు ఊరే బండల అంచున మోకాళ్ల మీద కూర్చుని నేలకు దగ్గరగా చూడండి. ఫొటో తీసుకోండి, చోటు రాసుకోండి, దగ్గరి కళాశాల వృక్షశాస్త్ర విభాగానికి చెప్పండి. పీకి ఇంటికి మాత్రం తీసుకుపోవద్దు: కుండీలోని ఎరువు మట్టిలో అది బతకదు.